అడుగుల మడిలో సైకిలు చారలు

ఇప్పలపాడు అడవిలో దారంటే ఒక్కటే. కింద వాగు రేవు దగ్గర మొదలై, ఇప్పచెట్ల నడుమగా పైకెక్కి, కొండవాలు మీద ఒక మలుపు తిరిగి, సభగుట్ట దగ్గర ఆగేది. నీళ్ళకైనా మేతకైనా, పురిటికైనా చావుకైనా అందరూ ఆ దారినే పోవాలి.

పూర్వం అందరూ నడిచేవారు. తరవాత పెద్ద జంతువులు ఎద్దుల బళ్ళు కట్టించుకున్నాయి. చిన్నవాటికి బళ్ళెక్కడివి? పట్నం వాళ్ళు అడవి అంచున పారేసిన పాత సైకిళ్ళని ఉడతలు విప్పి, తుప్పు గీకి, ఎవరి కాళ్ళకి తగ్గట్టు వాళ్ళకి కురచ చేసి మళ్ళీ బిగించి ఇచ్చాయి. మేకలు తొక్కాయి, కోళ్ళు తొక్కాయి, కుందేళ్ళు తొక్కాయి. వాగునుంచి బిందెడు నీళ్ళు తేవాలంటే ఒక పూట పోయేది. ఇప్పుడు ఎండ ముదరకముందే తెచ్చుకుని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూర్చునే తీరిక దొరికింది. ఆ దేవుడు చిన్నవాళ్ళని కూడా కనిపెట్టి చూశాడు అనుకున్నారు.

దారి బళ్ళతో నిండిపోయేదాకా అలా అనుకున్నారు.

నాంచారమ్మ అనే మేక ఆ దారిమీదే తన చెల్లెల్ని పోగొట్టుకుంది. రంగనాయకి అని, గలగలా నవ్వే పిల్ల. కిందటి వానాకాలం, బాలింత కుందేలు ఒకతె లేవలేకుండా ఉందని తెలిసి, లేత ఆకు మోపు సైకిలుకి కట్టుకుని బయల్దేరింది. కొండమలుపు దగ్గర ఒక బండి కింద పడి పోయింది. ఆ బండి సభవారిది. మర్నాడు సభ కార్యదర్శి నక్క పానకాలు గారు స్వయంగా ఇంటికి వచ్చారు.

"తనే తూలి పడిందమ్మా. మేం ఆపేలోపే జరిగిపోయింది. విధి! మనమేం చెయ్యగలం?" అని కండువాతో కళ్ళొత్తుకుని, మజ్జిగ పుచ్చుకుని వెళ్ళారు.

నాంచారమ్మ ఎదురు మాట అనలేదు. ఆవిడ తత్వమే అంత. పొద్దున్నే వాగులో మునిగి, సూర్యుడికి దణ్ణం పెట్టుకుని, తమ వంశంలో పోయినవాళ్ళందరి పేర్లూ వరసగా తలుచుకుంటే గానీ నోట్లో ఆకు పెట్టేది కాదు. ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు, అమ్మమ్మ అలివేలమ్మ పేరు, అమ్మ పేరు. ఇప్పుడా వరసకి చివర అందరికన్నా చిన్నదాని పేరు వచ్చి చేరింది. 

తూలి పడిందా? సైకిలు మీద తూలే పిల్ల కాదే అది. ఈ మాట ఆవిడ మనసులోనే ఉంది. చూసినవాళ్ళెవరో తెలియదు. తెలియకుండా ఒకరిమీద నింద వెయ్యడానికి ఆవిడకి నోరు రాదు.

అలా ఉండగా దారి మళ్ళీ వేస్తారన్న కబురు వచ్చింది. ఏనుగులు కొత్త మట్టి పోసి, తొక్కి గట్టి చేస్తాయి. ఒకసారి తొక్కితే మళ్ళీ ఒక తరం దాకా దాన్ని ఎవరూ కదపరు. వానలకి ముందే పని మొదలు. చెట్లనీడ పడే వైపంతా అప్పటికే సభవారి బళ్ళు నిలిచి ఉండేవి. దాంతో సైకిళ్ళు లోయ అంచునే పోవాల్సి వచ్చేది. ఇక కొత్త దారిలో ఆ నీడవైపుని బళ్ళ నిలుపుకే రాసిచ్చేస్తారని అందరూ అనుకుంటున్నారు.

"చిట్టెమ్మా, సభకి పోదామా?" అంది నాంచారమ్మ.

చిట్టెమ్మ పక్కింటి కోడి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. "దేనికి వదినా?" అంది.

"నీడవైపు ఒక బారెడు జాగా వదలమని అడుగుదాం. పక్కన రాళ్ళు పాతి, అది సైకిళ్ళకే ఉంచమందాం. రంగనాయకి ఎలాగూ రాదు. మీ పిల్లలు రేపు ఆ దారినే తొక్కాలి."

చిట్టెమ్మ రెక్కలు విదిలించుకుంది. "నేను మాట్లాడనా, నువ్వు మాట్లాడతావా?"

"నేను మాట్లాడతాను. నువ్వు మాట్లాడకుండా కూర్చో. అది నీకు కష్టమే అనుకో."

"కష్టం కాదు వదినా, రోగం వస్తుంది నాకు" అంటూనే చిట్టెమ్మ సైకిలు తీసింది.

సభగుట్టకి పోవాలంటే అంతా ఎక్కుడు దారే. ఇద్దరూ ఒగరుస్తూ తొక్కారు. సభ వాకిట్లో ఒక మడి ఉంటుంది. మెత్తటి బంకమట్టి తడిపి, చదునుగా పామి ఉంచుతారు. సభకి వచ్చిన ప్రతివాళ్ళూ అందులో అడుగేసి లోపలికి పోవాలి. తాబేలు కూర్మయ్య ఆ మడి కాపరి. ఎవరి అడుగు మడిలో పడిందో వాళ్ళకే ఆ పూట సభలో నోరు. అడుగు లేనివాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా వినాలే గానీ మాట్లాడకూడదు. అది పెద్దలు పెట్టిన కట్టు.

ఇద్దరూ దిగి, సైకిళ్ళు చింతచెట్టుకి ఆనించి, మడిలో అడుగేశారు. రాతి అరుగు మీద ఏనుగు సింహాద్రి తాత కూర్చున్నాడు. ఆయనే సభకి పెద్ద. ఆయన పక్కన పానకాలు గారు.

నాంచారమ్మ తలవంచి, చెప్పదలుచుకున్నది చెప్పింది. గొంతు పెంచలేదు. చెల్లెలి పేరు కూడా ఎత్తలేదు.

"మంచి మాటమ్మా!" అన్నారు పానకాలు గారు, తాత నోరు తెరిచేలోపే. "బంగారంలాంటి మాట. నేనూ అదే అనుకుంటున్నాను. అయితే ఈ పూట వాగు పూడిక సంగతి ఒకటే తలపెట్టాం. వచ్చే సభలో మొదటి మాట మీదే."

వచ్చే సభకి వెళ్ళారు. మొదటి మాట అడవిపందుల వాటాల గొడవ అయింది, చివరి మాట కూడా అదే అయింది. ఆ పై సభకి వెళ్ళారు. ఈసారి పానకాలు గారు చాలా బాధపడ్డారు.

"అమ్మా నాంచారమ్మ గారూ, నా మట్టుకు నాకు అభ్యంతరం లేదు. కానీ తాతగారు అడిగితే నేనేం చెప్పను? సైకిలు తొక్కేది ఎవరయ్యా అంటే, ఎప్పుడు చూసినా మీరూ, ఈ కోడిగారూ. ఇద్దరికోసం దారి చీలుస్తామా?"

"ఇద్దరమా!" చిట్టెమ్మ ఇక ఆగలేకపోయింది. "రేవులో ఓ పూట కూర్చుని చూడండి పానకాలు గారూ, బెల్లుల మోతకి మీ చెవులు ఊడి కింద పడతాయి."

"చూసేది నేను కాదు కదమ్మా. సభ చూడాలి."

ఆ మాట నాంచారమ్మకి న్యాయంగానే తోచింది. మర్నాటినుంచి ఆవిడ ఇల్లిల్లూ తిరిగింది. కుందేళ్ళ దగ్గరికి పోయింది, బాతుల దగ్గరికి పోయింది, ముంగిసలున్న పుట్ట దాకా పోయింది. ఎక్కడికి పోయినా ముందు ఆ ఇంట్లో పెద్దవాళ్ళ పేరు చెప్పి, బాగోగులు అడిగి, తరవాతే సభ మాట ఎత్తేది. "మీ నాయనమ్మ మా అమ్మమ్మతో కలిసి ఈ దారి నడిచింది తల్లీ. ఒక్క పూట రా. మాట్లాడక్కర్లేదు, కనిపించు చాలు." రానన్నవాళ్ళు లేరు.

సభ రేపనగా చిట్టెమ్మ రేవులో నీళ్ళు పట్టుకుంటోంది. పానకాలు గారు ఆ దారినే పోతూ బండి ఆపించారు. చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

"ఏమ్మా కోడిగారూ, జనం బాగా వస్తున్నారటగా?"

"వస్తున్నాం. రేపు లెక్కపెట్టుకోండి."

"సంతోషం తల్లీ, చాలా సంతోషం. మీ మంచికోరి ఒక్క మాట చెప్తాను. అందరూ దిగి, సైకిళ్ళు చెట్టుకి ఆనించి, నడిచి వస్తే మామూలు జనంలా కనిపిస్తారు. తాతగారికి చూపు మందం. ఏనుగు కళ్ళు, మీకు తెలుసుగా. వాకిట్లో దిగకండి. తొక్కుకుంటూ మడిమీదుగా నేరుగా లోపలికి రండి. బెల్లులు కొట్టుకుంటూ వరసగా వస్తుంటే, ఆ ముచ్చట ఆయన జన్మలో మర్చిపోడు."

"మరి మడిలో అడుగు?"

"మీ చక్రం పడితే మీరు పడ్డట్టే కదమ్మా! దానికింత ఆలోచనా?"

చిట్టెమ్మ బిందె కూడా అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చి చెప్పింది. నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది.

"పెద్దలు అడుగు వెయ్యమన్నారు చిట్టెమ్మా. చక్రం వెయ్యమనలేదు."

"అబ్బా వదినా, నీకు అన్నీ అనుమానాలే! ఆయనకి మనమీద ఈనాటికి దయ పుట్టింది. అందరూ బెల్లులు తుడుచుకుని కూర్చున్నారు. ఇప్పుడు దిగి నడవమంటే వాళ్ళ మొహాలు చూడలేను నేను."

అందరి సంతోషం తన సందేహంతో చెడగొట్టడం నాంచారమ్మకి ఇష్టం లేకపోయింది. సరేనంది. తప్పు అక్కడే జరిగింది.

మర్నాడు ఇప్పచెట్ల కింద ఆ వరస చూడాలి! ముందు నాంచారమ్మ, వెనక చిట్టెమ్మ, ఆపైన కుందేళ్ళు, బాతులు, ముంగిసలు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చెప్పకుండానే బెల్లులు ఆగిపోయాయి. మలుపు దాటాక మళ్ళీ మోగాయి. వాకిట్లో ఎవరూ దిగలేదు. తడి మట్టిమీద చక్రాలు సర్రున జారుతూ, ఒకదాని పక్కన ఒకటి చారలు పడుతూ, అందరూ లోపలికి వచ్చి నిలబడ్డారు.

వాళ్ళ వెనకే సభవారి బండి వచ్చింది. ఎద్దులు మడి దాటి, అరుగుదాకా లాగి ఆగాయి. పానకాలు గారు బండిలోంచి నేరుగా అరుగుమీదికి కాలు చాపి దిగారు.

"ఎంతమంది!" అన్నాడు సింహాద్రి తాత, తొండం పైకెత్తి. "ఇందరున్నారా సైకిలు తొక్కేవాళ్ళు? చెప్పమ్మా మేకా, నీ మాట విందాం."

నాంచారమ్మ ముందుకి వచ్చింది. నోరు తెరవబోయింది.

"ఒక్క క్షణం తాతగారూ" అన్నారు పానకాలు గారు, ఎంతో నొచ్చుకుంటున్నట్టు. "చెప్పడానికి నాకే మనసొప్పడం లేదు. కానీ కట్టు కట్టే. కూర్మయ్యా, మడిలో మేక అడుగుందా?"

కూర్మయ్య మెడ సాచి మడి చూశాడు. చూస్తూ చూస్తూ ఆయన మొహం వాడిపోయింది.

"లేదు" అన్నాడు.

"కోడిది?"

"లేదు."

"కుందేళ్ళవి? బాతులవి?"

"చారలున్నాయి. అడుగులు లేవు."

సభలో కలకలం రేగింది. చిట్టెమ్మ ఎగిరి అరుగు ముందు పడింది. "ఏమండీ! మీరే కదా నిన్న రేవులో నాతో అన్నారు, తొక్కుకుంటూ రండీ, చక్రం పడితే మీరు పడ్డట్టే అనీ!"

"నేనా?" పానకాలు గారు గుండెమీద చెయ్యి పెట్టుకున్నారు. "ఎవరు విన్నారమ్మా?"

విన్నవాళ్ళు ఎవరున్నారు? చిట్టెమ్మ అటూ ఇటూ చూసింది. దాని జుట్టు వాలిపోయింది. "నావల్లే వదినా" అంటూ ఏడుపు అందుకుంది. వెనకనుంచి కుందేళ్ళు, ముంగిసలు తలో మాటా అంటున్నాయి. మళ్ళీ బయటికి పోయి నడిచి వస్తామని బాతులు అరిచాయి.

"సభ మొదలయ్యాక మడి తొక్కకూడదు" అన్నారు పానకాలు గారు మెత్తగా. "వచ్చే సభకి రండి. పాపం, అప్పటికి దారి పని అయిపోతుందనుకోండి. అయినా రండి."

నాంచారమ్మ కళ్ళు మూసుకుంది. తనకి ముందే తోచింది, చెప్పలేదు. చెల్లెలికోసం ఇన్నాళ్ళు తొక్కి, ఇల్లిల్లూ తిరిగి, చివరికి అందరి నోళ్ళూ తనే కట్టించింది. ఏనుగులు తొక్కుతాయి, మట్టి గట్టిపడుతుంది, మలుపు అలాగే ఉండిపోతుంది. తండ్రీ, ఇంతేనా అనుకుంది.

అప్పుడు ఆవిడకి అమ్మమ్మ అలివేలమ్మ చెప్పిన సంగతి గుర్తుకి వచ్చింది. ఈ మడి ఎందుకు పెట్టారో పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఆవిడే చెప్పేది. ఏదో కరువులో వాగుకి గట్టు ఎటు కట్టాలన్న మాట వచ్చింది. ఎక్కడో దూరపు చెరువులో ఉండే కొంగ ఒకటి ఎగిరి వచ్చి, చక్కగా మాట్లాడి, సభని ఒప్పించి, ఎగిరిపోయింది. గట్టు కట్టారు. ఇవతలి ఒడ్డంతా ఎండిపోయింది. కొంగకేం, దానికి ఇక్కడ ఇల్లా వాకిలా? అప్పటినుంచీ, మాట్లాడబోయేవాళ్ళు ముందు ఈ నేలని కాలితో తాకాలన్నారు. దారి కష్టం కాళ్ళకి తెలుస్తుంది, అందుకని ముందు కాళ్ళు చెప్పాలి అనేది అమ్మమ్మ. ఇంకో మాట కూడా అనేది. మడిని సగం చదివి వదిలెయ్యకూడదు. చదివితే అందరివీ చదవాలి.

నాంచారమ్మ కళ్ళు తెరిచింది. "తాతయ్యా, మాకు నోరు లేదని ఒప్పుకుంటున్నాను. తప్పు మాదే. దారి గురించి ఇక ఒక్క ముక్క మాట్లాడను. మడి గురించి ఒక్కటి అడగనివ్వండి."

"అడుగు."

"మా చారల దగ్గర ఆపెయ్యకుండా కూర్మయ్య బాబాయిని మడంతా చదవమనండి. మా అమ్మమ్మ రోజుల్లో అలాగే చదివేవారట. ఎవరికి నోరుందో తెలిస్తే, వాళ్ళ మాట విని మేం ఇళ్ళకి పోతాం."

"ఇప్పుడదంతా ఎందుకమ్మా, పొద్దు పోతుంది" అన్నారు పానకాలు గారు. "సభవారు అందరికీ తెలిసినవాళ్ళే."

సభవారి అడుగులు చదవడం మానేసి చాలా కాలమైంది. తెలిసినవాళ్ళే కదా అని ఎవరూ అడగలేదు. సింహాద్రి తాత చెవులు ఒకసారి ఆడించాడు.

"చదువు కూర్మయ్యా."

తాబేలు చదవడమంటే తాబేలు చదివినట్టే. ఒక్కో అడుగు దగ్గర ఆగి, వాసన చూసి, అంచు తడిమి, అప్పుడు పేరు చెప్పేవాడు.

"సింహాద్రి తాత వచ్చాడు. దుప్పులు వచ్చాయి, అడవిపందులు వచ్చాయి. ఏదుపంది వచ్చింది, ముళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది. ఇవి సైకిలు చారలు. ఇవి బండి చక్రాలు." మడి అంచుదాకా పోయి వెనక్కి తిరిగాడు. "అయిపోయింది."

"నక్క అడుగు?" అన్నాడు తాత.

"లేదు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. పానకాలు గారు కూడా నవ్వారు, ఆ నవ్వు చివరిదాకా రాలేదు.

"నేను బండిలో వస్తానని అందరికీ తెలుసు కదా! ఇదిగో, కళ్ళెదుట కనిపిస్తూనే ఉన్నానయ్యా."

"మేమూ కనిపిస్తూనే ఉన్నామండి" అంది చిట్టెమ్మ, ముక్కు చీదుకుంటూ.

"బండి చక్రం పడింది కదా మడిలో! నా బండిది!"

"మా చక్రాలూ పడ్డాయండి. చక్రం పడితే మనం పడ్డట్టేనా, కాదా? ఏదో ఒకటి తేల్చండి పానకాలు గారూ. ఈసారి అందరూ వింటున్నారు."

పానకాలు గారు కండువా సర్దుకున్నారు. అవునంటే సైకిళ్ళన్నిటికీ నోరొస్తుంది. కాదంటే తన నోరు పోతుంది. కాసేపటికి, "సభవారి బండి గౌరవం వేరు. దాన్నీ దీన్నీ ఒకటి చేస్తామా?" అన్నారు.

"మట్టికి గౌరవాలు తెలియవు" అన్నాడు కూర్మయ్య. ఆయన అంత గట్టిగా మాట్లాడడం ఎవరూ వినలేదు. తరవాత మళ్ళీ మడిమీదికి వంగాడు. "అయ్యో, నాదీ పొరపాటే. అయిపోయిందన్నాను గానీ, కాలేదు. చక్రాల మధ్యలో గిట్టలున్నాయి తాతయ్యా. బాగా లోతుగా దిగాయి. బండి లాగిన ఎద్దులవి."

అందరూ ఒక్కసారి అరుగు పక్కకి చూశారు. కాడి మోస్తూ రెండెద్దులు నిలబడి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళుగా ప్రతి సభకీ వచ్చి అలాగే నిలబడేవి. ఎవరూ వాటిని సభలో ఉన్నట్టు లెక్కలోకి తీసుకోలేదు, అవి కూడా అలా అనుకోలేదు.

"నియమం పానకాలు గారు గుర్తు చేసిందే. దాన్నే పాటిద్దాం" అన్నాడు సింహాద్రి తాత. "సైకిళ్ళవాళ్ళు ఈ పూట వింటారు. పానకాలు గారూ వింటారు. కాడి దించండి. కోటన్నా, దారి సంగతి నువ్వు చెప్పు."

కోటన్న దాపటెద్దు. అంటే ఎడమవైపు కాడి కింద మెడ పెట్టేవాడు, లోయ అంచు పక్కన నడిచేవాడు. కాడి దించాక కూడా మెడ వంచే ఉంచాడు.  అతని మొదటి మాట సభకి కాదు, నాంచారమ్మకి.

"అమ్మా, ఆవేళ నేనే ఉన్నాను."

నాంచారమ్మ ఒక అడుగు ముందుకి వేసింది.

"వాన తుంపర పడుతోంది. సభకి ఆలస్యమవుతోంది, తోలు తోలు అని లోపలినుంచి కేకలు. మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆ చిన్నమ్మ వస్తోంది. ఆకు మోపుతో. నన్ను చూసింది. తూలలేదమ్మా. అంచుకి జరిగింది, ఇంకా జరిగింది, సైకిలు చక్రం సగం గాల్లో ఉంది. నేను లోపలికి ఒత్తిగిలాను, కాడంతా అటు నెట్టాను. అటువైపు మా జతగాడికి సందు లేదు. నీడవైపంతా నిలిపిన బళ్ళు. పగ్గం పట్టి ఎవరూ ఆపలేదు. తనకి పక్కకి జరగడానికి పక్క లేదు. మాకూ పక్క లేదు."

 బండిలో ఆ రోజు ఎవరున్నారో అడవిలో అందరికీ తెలుసు. ఎవరూ పానకాలు గారి వైపు చూడలేదు. ఆయన మాత్రం నేల చూపులు చూస్తున్నారు.

"నన్ను ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు కోటన్న. "అడిగితే చెప్పేవాణ్ణే. నాకు నోరుందని నాకే తెలియదు. ఇప్పుడడిగారు కాబట్టి చెప్తున్నాను. సైకిళ్ళకి వేరే బాట ఇవ్వండి. వాళ్ళకోసమే కాదు, మాకోసం కూడా. ఆ మలుపు రోజూ తిరగాల్సింది మేమే."

జత ఎద్దు తలూపింది. దుప్పులు అవునన్నాయి. ఏదుపంది అవునంది. సింహాద్రి తాత లేచి నిలబడ్డాడు.

"నీడవైపు బారెడు జాగా సైకిళ్ళది. బళ్ళు గుట్టవెనక నిలుపుకోండి. మలుపు దగ్గర రాళ్ళు ముందు పాతుదాం, మట్టి తరవాత. రేపు నేనే వచ్చి తొక్కుతాను."

ఎవరూ బెల్లు కొట్టలేదు. నాంచారమ్మ మెల్లగా ఎద్దు దగ్గరికి వెళ్ళింది. దాని మెడమీద కాడి రాసుకుని కాయకట్టిన చోట తన నుదురు ఆనించింది.

"తూలలేదన్నావు. అది చాలు నాయనా" అంది. 

సభ అయింది. ఆ పూటకి ఎద్దులకి మళ్ళీ కాడి ఎత్తవద్దని తాత అన్నాడు. కాబట్టి పానకాలు గారి బండి కదలలేదు. వాకిలి బయట నిలిపిన మిగతా పెద్దల బళ్ళు ఒకదాని వెనక ఒకటి దిగిపోతున్నాయి. ఒక్కరూ ఆయన్ని ఎక్కమనలేదు. ఆయన నడక మొదలుపెట్టారు.

నాంచారమ్మ అందరినీ ముందు పంపి, వెనకగా వస్తోంది. మలుపు దగ్గర ఆయన కనిపించారు. లోయ అంచున, తోక కాళ్ళమధ్య పెట్టుకుని, పోయే బళ్ళకి ఎటు ఒదగాలో తెలియక నిలబడి ఉన్నారు. సన్నటి దారి. ముందుకి అడుగు వేస్తే బండి, వెనక్కి వేస్తే లోయ.

ఆవిడ పక్కనుంచి పోవచ్చు. పోతే అడిగేవాళ్ళు లేరు. ఆవిడ బ్రేకు వేసింది.

"కూర్చోండి పానకాలు గారూ. రేవుదాకా దింపుతాను."

ఆయన ఆవిడ మొహంలోకి చూడలేకపోయారు.  సైకిలు వెనక కూర్చుని, సీటు కింద కడ్డీని రెండు చేతులా పట్టుకున్నారు. నాంచారమ్మ తొక్కసాగింది. మలుపు మధ్యలో ఉండగా వెనకనుంచి అడవిపందుల బండి వచ్చింది. ఇరుసు చివర ఆయన మోకాలిని రాసుకుంటూ పోయింది. గాలికి కండువా లేచి లోయలోకి పోయింది. సైకిలు వణికింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

బండి పోయింది. దుమ్ము తగ్గింది.

"ఇంత దగ్గరగా పోతాయా అమ్మా?" అన్నారు ఎండిపోయిన గొంతుతో.

"అవునండీ" అంది నాంచారమ్మ, దారిమీదినుంచి చూపు తిప్పకుండా. "రోజూ ఇంత దగ్గరగానే పోతాయి."

దారి గురించి తీర్పు చెప్పాలనుకున్నవారు, ఆ దారి బరువు మోసేవాళ్ళ మాట ముందు వినాలి.